పందిరి గుంజలు ఎవరు పాతాలి

తమ్ముడు యాదయ్యకు, పుణె నుంచి నీ అక్క లచ్చమ్మ దీవెనలు. నువ్వు, మరదలు సాలమ్మ, పెళ్లికొడుకు నరేష్ బాగున్నారని తలుస్తున్నాను. చిన్నమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? దవాఖానలో ఇచ్చిన మందు రాస్తున్నారా, లేక సీసా గూట్లోనే ఉందా? వాన పడిందా? పత్తి మొలిచిందా, మళ్లీ విత్తనం పెట్టాల్సి వచ్చిందా? ఇక్కడ మేమంతా క్షేమం. నీ బిడ్డ అనిత క్షేమం, నీ అల్లుడు, నా కొడుకు శ్రీశైలం క్షేమం, పిల్లలిద్దరూ క్షేమం. ఈ మాట కింద మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఒక్కసారి చెబితే వినే మనిషివి కాదు నువ్వు.

నేను చెబుతుంటే స్రవంతి రాస్తోంది. కొల్లాపూర్ దిక్కు పిల్ల. ఇక్కడ కంపెనీలో పని, మా పక్కనే గది కిరాయికి తీసుకుంది. నా మాటలను పుస్తకంలో ఉన్నట్టు సర్ది రాస్తానంటే సరే అన్నాను. కానీ ఎవరేమన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే రాయాలన్నాను. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్‌లో నేను రెండు మాటలు అనగానే నువ్వు పెట్టేస్తావు. ఈ కాగితం నరేష్ చేతిలో ఉన్నంతసేపు నా మాట నడుస్తూనే ఉంటుంది.

సంగతి నీకు తెలిసిందే. అయినా వినే వాళ్లందరికీ మొదటి నుంచి తెలియాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ శ్రీశైలం చేయించుకున్నాడు. అది విని నువ్వు, నరేష్ లగ్గానికి అనిత పిల్లలను తీసుకొని ఒక్కతే రావాలన్నావు. మన ఇంట్లో పెళ్లి పందిరి గుంజలు పాతేది ఇంటి అల్లుడు. ఆ పని పెదనాయన మనవరాలి మొగుడికి అప్పగించావట. ఆ మాట విన్నప్పటి నుంచి నీ బిడ్డ కడుపునిండా తినలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఇక్కడి సంగతులు విను. మన దగ్గర వాన కోసం మొగులు చూస్తాం, ఇక్కడ ఎండ కోసం చూడాలి. ముసురు మొదలైతే వదలదు. పిల్లల బట్టలు రేకుల కింద వేస్తే ఆరక వాసన కొడతాయి, పొయ్యి పక్కన ఆరబెడుతున్నాను. జొన్నరొట్టె ఇక్కడా చేస్తారు, అది నాకు సంతోషం. కానీ పప్పులో బెల్లం వేస్తారు. మొదటిసారి నోట్లో పెట్టుకున్నప్పుడు ఎవరో పొరపాటున వేశారనుకున్నాను. పొద్దున్నే లేచి మన దిక్కు కూలీలకు అన్నం, పచ్చిపులుసు చేసి డబ్బాలు కడుతున్నాను. నా ఖర్చు నేను వెళ్లదీసుకుంటున్నాను. ఊరు మాత్రం యాదికి వస్తుంది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక వాకిట్లో నుంచి 'లచ్చక్కా' అని పిలిచే గొంతు ఉండదు. అప్పుడు తోమిన గిన్నెలే మళ్లీ తోముతాను. ఫికర్ చేయకు, బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. అనితకు రెండు కాన్పులూ పెద్దాపరేషన్లే. రెండోసారి నెత్తురు చాలా పోయింది. బాబు బరువు తక్కువ పుట్టాడని, వాడు నిలదొక్కుకున్నాక చూద్దామని, పిల్లల ఆపరేషన్ అప్పుడు చేయలేదు. ఇప్పుడు వాడు గోడ పట్టుకొని నడుస్తున్నాడు. ఇక చేయించాలని అందరం అనుకున్నాం. మొగుణ్నీ పెళ్లాన్నీ తీసుకొని దవాఖానకు పోయాను. డాక్టరమ్మ పరీక్షలు చేసి, లోపల పేగులు అతుక్కున్నాయి, ఒంట్లో రక్తం లేదు, మళ్లీ కడుపు తెరిస్తే ప్రమాదం అన్నది. ఆమె హిందీ నాకు సగం మాటలతో అర్థమైంది, మిగతా సగం వేలు చూపిస్తే అర్థమైంది. ఆ వేలు శ్రీశైలం దిక్కు ఉంది. 'ఇస్‌కా కరావ్, ఛోటా కామ్ హై' అన్నది, అంటే ఇతనికి చేయించు, చిన్న పనే అని.

శ్రీశైలం ముఖం సున్నం కొట్టినట్టయింది. బయటికి వచ్చాక, "అమ్మా, నేను స్లాబుల మీద బరువులెత్తేటోన్ని. గా పని చేపిచ్చుకుంటే తాకత్ పోతదే" అన్నాడు. మన దిక్కు అందరూ అనే మాటే కదా.

ఆదివారం పూట స్రవంతి మా వాడకట్టు ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడుతుంది. ఇంటి పని కూడా పనే అంటుంది. ఆడదాని ఒంటి సంగతి ఆడదే తేల్చుకోవాలి అంటుంది. పితృస్వామ్యం అని ఒక మాట ఉంది, దానికి నా నోరు తిరగదు. ఇంట్లోనూ ఊళ్లోనూ మగవాడి మాటే ఆఖరి మాట కావడం అని విప్పి చెప్పింది. దవాఖానకు పోయి వచ్చిన తర్వాతి ఆదివారం నేను మంచి చిరాకులో ఉన్నాను.

"గివన్నీ ఎవలు చెప్పిన్రు పిల్లా?" అన్నాను.

"ఎంతోమంది ఆడోళ్లు పుస్తకాలు రాసిన్రు అవ్వా. ఏండ్ల సంది కొట్లాడుతున్నరు."

"గా పుస్తకాలు రాసినోళ్ల మొగుళ్లు ఆపరేషన్ చేపిచ్చుకున్నరా?"

అందరూ పడీ పడీ నవ్వారు. స్రవంతి కూడా నవ్వింది. నవ్వి వదిలేస్తుందనుకున్నాను, వదలలేదు.

"గది నేను అడిగి చెప్త. మరి అనితక్క ఏమంటాందో నువ్వు అడిగినవా?"

అడగలేదు. నేనే కాదు, నువ్వూ అడగలేదు, శ్రీశైలమూ అడగలేదు. ఆపరేషన్ చేయించాలని అందరం అనుకున్నామని పైన చెప్పాను కదా, ఆ అందరిలో అనిత లేదు. అది అక్కడే బాబును ఒళ్లో వేసుకొని కూర్చుంది. అందరం దాని దిక్కు తిరిగాం.

"అత్తా, మల్ల గా బల్ల మీద పండాలంటే నాకు భయమైతాంది. నాకేమన్న అయితే పిల్లలు ఆగమైతరు. గట్లని వద్దంటే మీరందరు ఏమంటరో అని ఊకున్న" అన్నది.

నా తమ్ముని బిడ్డ, నా ఇంటి కోడలు, నా ముందు చెప్పడానికి భయపడింది. ఇంటికి పోయి శ్రీశైలాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఊర్లె నవ్వుతరే అమ్మా" అన్నాడు.

"నవ్వనీ. నవ్వేటోళ్లొచ్చి నీ పిల్లలను సాదుతరా?"

వాడు నన్ను కాదు, అనితను అడిగాడు: "నీకు గంత భయమైతాందా?" అది తల ఊపింది. తెల్లారి పనికి పోకుండా దవాఖానకు పోయాడు. నేను పంపానని ఊళ్లో చెప్పుకుంటున్నారట. కాదు. వాడే పోయాడు. ఆ మెప్పు వాడిది.

పొద్దున పోయినవాడు మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉన్నాడు. చీమ కుట్టినంత గాటు, అంతే, కుట్టు కూడా లేదు. ఆపరేషన్ అయిన ఆడది పుట్టింటికి పోయి పడుకుంటుంది. వాడికి పుట్టిల్లు నేనే కదా. బాలింతకు చేసినట్టు చేశాను. ఎల్లిగడ్డ కారం, వేడి అన్నం, చెవులకు గుడ్డ. "గుడ్డ ఎందుకే అమ్మా, నేనేమన్న కన్ననా?" అని మొత్తుకున్నాడు. అనిత నవ్వీ నవ్వీ గోడకు ఒరిగింది. రెండో కాన్పు తర్వాత అది అట్లా నవ్వడం అప్పుడే చూశాను.

డాక్టరమ్మ చెప్పినన్ని రోజులు ఆగి పనికి పోయాడు. నేను డబ్బాలు తీసుకొని పోయేసరికి మేస్త్రీ అందరి ముందు, "ఏం శ్రీశైలం, రేపటి సంది చీర కట్టుకొని వస్తవా?" అంటున్నాడు.

"చీర కట్టినామెనే నిన్ను మోసి కన్నది బిడ్డా. గామె తాకత్ ముంగట నీ సిమెంటు బస్తా ఎంత?" అన్నాను. ఆ పూట మేస్త్రీ డబ్బాలో పచ్చిపులుసు పోయలేదు, ఉత్త అన్నం తిన్నాడు. శ్రీశైలం బస్తా భుజానికెత్తుకొని మెట్లెక్కాడు. అందరికంటే గట్టిగా నవ్విన ఒకడు, అచ్చంపేట దిక్కు వాడు, సాయంత్రం నేను గిన్నెలు కడుగుతుంటే వచ్చి నిలబడ్డాడు. "అవ్వా, నిజంగ కుట్లుండవా?" అని మెల్లగా అడిగాడు.

మొన్న శ్రీశైలానికి ఆఖరి పరీక్ష చేసి, ఇక అనితకు కడుపు వస్తుందన్న భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. అనిత దవాఖాన మెట్ల మీద కూర్చొని ఏడ్చింది. దుఃఖంతో కాదు, భయం తీరి. నాకైతే ఎన్నో నెలల తర్వాత ఊపిరి నిండుగా ఆడింది. తమ్ముడూ, నీ బిడ్డ క్షేమం. మళ్లీ చెబుతున్నాను, క్షేమం. ముందు దానికి సంతోషపడు, పరువు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నువ్వన్న మాట కూడా అన్నట్టే రాయిస్తున్నాను: "గుంజ అంటే మాటలా అక్కా, గుంత తవ్వాలె, ఎత్తి నిలవెట్టాలె. వానితోని ఏమైతది?" ఆపరేషన్ అయిన మనిషి బరువు ఎత్తలేడని నీకు అంత బాగా తెలుసా? మరి నరేష్ పుట్టాక సాలమ్మకు ఆపరేషన్ చేయించింది నువ్వే. కుట్లు విప్పకముందే ఆమె బిందె నెత్తికెత్తుకుంది. ఇప్పుడంటే ఇంటికి నల్లా వచ్చింది. అప్పుడు మన బోరు నీళ్లు ఎముకలు వంచుతాయని మంచినీళ్లకు పక్క ఊరికి నడిచేది. నువ్వు గడప మీద కూర్చొని చూశావు. నీతోని ఏమైతది అని ఒక్కసారి అన్నావా? గడ్డి మోపు ఎత్తింది, పత్తి మూట ఎత్తింది. కోత పడిన కడుపుతో ఆమె ఎత్తవచ్చు, కోతే లేని మగవాడు ఎత్తలేడు! ఇదెక్కడి న్యాయం?

స్రవంతి రాయడం ఆపి, "అవ్వా, నేను చెప్పిన పితృస్వామ్యం గిదే" అంటోంది. పేరు ఏదైనా పెట్టుకో పిల్లా, ముందు రాయి అన్నాను.

నిన్న సాలమ్మ ఫోన్ చేసింది. చాటుగా కాదు, నువ్వు వాకిట్లో మంచం మీద ఉండగానే. "వదినె, నువ్వు చెప్పేదంత కాయితం మీద రాయించు. అందరి ముంగట నరేష్‌తోని చదివిపిస్త. నా బిడ్డ మొగడు లేకుండ నా వాకిట్లకు ఒక్కతి వచ్చుడేంది?" అన్నది. ఇన్నేళ్లలో ఆమె గొంతు అంత పెద్దగా నేను వినలేదు. అనిత పక్కనే ఉండి విన్నది. రాత్రి రెండు రొట్టెలు తిన్నది.

మా కోసం కొత్త చింతపండు, ఎండుమిరపకాయలు తీసి ఉంచండి. చిన్నమ్మకు నా దండాలు, శ్రీశైలాన్ని దీవించమను. నరేషూ, చదవడం ఆపకు. కొత్త పిల్ల నీ ఇంటికి వస్తోంది, ఏ సంగతైనా ముందు ఆమెను అడుగు.

తమ్ముడూ, జవాబు నువ్వు చెప్పొద్దు. ఆ ఇల్లు నిలబెట్టింది సాలమ్మ. ఇది చదవడం అయిపోగానే, అందరూ అక్కడ ఉండగానే ఆమెను అడుగు, గుంజలు ఎవరు పాతాలని. ఆమె ఎవరి పేరు చెబితే గడ్డపార వాళ్ల చేతిలో పెట్టు.

మీ అందరి మంచి కోరే
లచ్చమ్మ