నిండని విమానంలో నా సీటు

పాల్వంచ, 2007, మంగళవారం రాత్రి

విమానయాన చరిత్రలో నాకూ ఒక సీటు దొరికింది. హైదరాబాద్‌లోని ఆ చిన్న విమానాల కంపెనీ నుంచి ఈరోజు ఫోన్ వచ్చింది. కౌంటర్ ఉద్యోగం ఖాయమట, చేరేదీ లేనిదీ రేపు చెప్పాలట. కొత్త సర్వీసు మొదలయ్యే రోజు పేపర్ల వాళ్లు ఫొటోలు తీస్తారు కాబట్టి, కొత్తగా చేరినవాళ్లం మామూలు బట్టల్లో ప్రయాణికుల్లా కూర్చోవాలట. టికెట్లు అమ్ముడుపోలేదని వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. అదే దారిలో విమానాలు నడిపే ఒక పెద్ద కంపెనీ టికెట్ ధర సగానికి కోసిందని పేపర్లో చదివాను.

బాబాయ్‌కి చెబితే జీపు తుడవడం ఆపి మరీ నవ్వాడు.

"అరే, గిదే పని నా జీపుల చేసినవ్ కదరా! ముందు సీట్ల కూసోని, 'భద్రాచలం, ఇంకిద్దరొస్తే పోతది, జల్దీ ఎక్కుండ్రి' అని ఒర్లేటోనివి."

"అవ్ బాబాయ్. కానీ గిది విమానం."

"అయితే ఏంది? నా జీపు నిండందే కదలదు. అది ఖాళీగున్నా లేవాలె. డీజిల్ ఎవడు పోస్తడు?"

అమ్మేమో పెద్ద కంపెనీ పిలిచేదాకా ఆగమంటోంది. అక్కడ ఇంటర్వ్యూ ఇచ్చి నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. చేరాలో ఆగాలో బి.కాం. చదివిన ఈ మేధావికి అంతుపట్టడం లేదు.

బాబాయ్ జీపులో అసలు ప్రయాణికులు రాగానే నేను దిగిపోయేవాణ్ణి. ఇక్కడ వాళ్లు రాకపోతే ఉద్యోగంలోంచే దిగిపోవాలి. పొద్దున ఫోన్ చేసి నేను వస్తానని చెప్పాలంటే, ముందు ఆ ప్రయాణికులు వస్తారో రారో నాకెవరైనా చెప్పాలి.