పోయిందన్న కార్డు నా వద్దనే ఉన్నది

వరంగల్లు, 1945

నూలు పంపిణీ అధికారి గారి సముఖమునకు,
కాశిబుగ్గలో మగ్గం నేసి బ్రతుకు చింతల సాల్మన్ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా పేరుతో వేరొకరు కొత్త నూలు కార్డు పుట్టించుకొన్నందున, దానిని రద్దు చేసి, నన్ను నేనుగా ఒప్పుకొనవలెనని కోరుట.

అయ్యా,

రోజు లెక్కలు వ్రాసుకొనుటకు నాకై నేను నేర్చుకొన్న తెలుగు తప్ప నాకు వేరే చదువు లేదు. అర్జీలు వ్రాయువారి వద్దకు పోతే నా సంగతులన్నీ మరొకరికి చెప్పవలసి వచ్చును. ఇక ఎవరికీ చెప్పదలచుకోలేదు. కనుక తప్పులున్నా నేనే వ్రాయుచున్నాను.

1. నెలనెలా నూలు ఇచ్చు కార్డు ఉర్దూలో ఉన్నది. నాకు ఉర్దూ రాదు. పోయిన నెల నూలు డిపో వరండాలో దానిని తిరగేసి చూచుచుండగా గొడుగు పట్టుకొన్న ఒకాయన, "జర ఇటియ్యి అన్నా, చదివి చెప్త. ఏం ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఇచ్చినాను. నా పేరు, తండ్రి యాకయ్య పేరు, ఇంటి నంబరు, మగ్గం నంబరు అన్నీ చదివి వినిపించి, కార్డు తిరిగి నా చేతికే ఇచ్చినాడు. మంచివాడనుకొన్నాను. ఆయన పేరు అడుగలేదు. అడుగుట నాకు అలవాటు లేదు.

2. ఈ నెల పంపిణీకి పోగా గుమాస్తా గారు, "సాల్మన్ పొద్దుగాల్నే వచ్చి నూలు పట్కపోయిండు గద, నువ్వెవలు?" అన్నారు. సదరు సాల్మన్ కార్డు పోయిందని చెప్పి, వివరాలన్నీ నోటితో అప్పజెప్పి కొత్తది తీసుకొన్నాడట. నేను నా కార్డు చూపగా, "పోయిన కార్డు నీ చేతికెట్లొచ్చింది? మల్లొస్తె పోలీసోళ్లకు పట్టిస్త" అన్నారు. ఈ విధముగా నా కార్డును నేనే దొంగిలించినవాడనైతిని.

3. కొత్త కార్డుకు కాశిబుగ్గ మనిషి ఒకరు సాక్ష్యం చెప్పవలెనట. పక్క వీధి రామలింగం చెప్పినాడు. పోయి అడుగగా, "నాకేమెరుకనే. ఆయనొచ్చి నా కాలునొప్పి అడిగిండు, పిల్లల సంగతి అడిగిండు. సాల్మన్ అంటె గీయనే కావచ్చనుకున్న. నువ్వు ఇన్నేండ్ల సంది లైన్ల నిలవడ్తవు, ఒక్కనాడన్న నోరిప్పినవా?" అన్నాడు.

4. మగ్గం మీద పడుగు అయిపోయినది. తమ మనుషులు తనిఖీకి వచ్చి మగ్గం ఖాళీగా చూచినయెడల, నూలు తీసుకొని బయట అమ్ముకొన్నానని నా మీదనే కేసు అగును. నూలు ఆయనకు, జైలు నాకు.

5. అప్పటినుండి కార్డును గుడ్డలో చుట్టి బనీను లోపల కట్టుకొని తిరుగుచున్నాను. నిద్రలో కూడా చేయి దాని మీదనే ఉండుచున్నది. బజారులో ఎవరైనా పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడుట లేదు. ఇది సాల్మన్ ఇల్లేనా అని ఎవరడిగినా చెప్పవద్దని నా భార్య లిదియాతో అన్నాను. మొన్న మా పాదిరి గారు కొత్తవారు, వెతుక్కొంటూ వచ్చి అడుగగా ఆమె, "ఏమో అయ్యగారూ, మాకెరుక లేదు" అని పంపివేసినది. తరువాత నాతో, "గిట్లయితె ఆ గొడుగాయన ఎందుకు, నీ పేరు నువ్వే పోగొట్టుకుంటవు" అన్నది.

కావున ఆ కొత్త కార్డు రద్దు చేసి, నా కార్డు మీద నా వేలిముద్ర తీసుకొని, అది కలిసినవారికే నూలు ఇప్పించవలెను. కార్డులో ఏమున్నదో డిపోలోనే తెలుగులో చదివి వినిపించినయెడల, నావంటివారు వరండాలో ఎవరి చేతికీ ఇవ్వరు. నా ఒంటి మీద కార్డులో లేని గుర్తు ఒకటి ఉన్నది. ఈ కాగితం తమను చేరులోపల చాలా చేతులు మారును గనుక ఇందులో వ్రాయలేదు. పిలిచినయెడల తమ ఎదుటనే చూపుదును.

పడుగు లేని మగ్గాన్ని తలచుకొని నా మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చింతల సాల్మన్
(కార్డులో వ్రాసి ఉన్నవాడు)

తా.క. ఇది టపాలో పంపుచున్నాను. సోమవారం స్వయంగా వత్తును. నాకన్న ముందే ఒకాయన సాల్మన్‌నని వచ్చి, తమ ఆరోగ్యం అడిగి, ఇదంతా నాకన్న చక్కగా చెప్పినయెడల నమ్మవద్దు. నిన్న రామలింగం ఇంటికి పోయి కాలునొప్పి ఎట్లున్నదని అడిగినాను. తగ్గలేదట. అయినా నా తరఫున వచ్చి చెప్పుదునన్నాడు. వరండాలో కుంటుచు వచ్చి మాట్లాడువాడు రామలింగం. ఆయన పక్కన ఊరకే నిలబడినవాడిని నేను.