అవ్వ చెప్పిన అబద్ధం

గంగాధర్ అన్నకు,

నీ చెల్లె నమస్కారాలు. ఫోన్ చేస్తే నీ పీఏ ఎత్తుతున్నడు. ఈ సంగతి పీఏకు చెప్పేది కాదు కాబట్టి ఎన్నో ఏండ్లకు పెన్ను పట్టిన.

శనివారం నేను హనుమాన్ గుడిలో ఉన్న. అడవి వదిలినంక నిజామాబాద్‌లనే ఉన్న నువ్వు, జిల్లా పరిషత్ చైర్మన్‌గా మొదటిసారి ఊరికి వచ్చి, కారు దిగకుండనే మర్లిపోయినవని విన్న. ఇంటికి ఉరికిన. అవ్వ మాత్రం గడపల కూసోని సంబరంగా నవ్వుతున్నది.

"పోలీసోళ్లు అచ్చిండ్రు బిడ్డా. గంగాధరనే కొడుకు నాకు లేడు, ఎన్నడో సచ్చిండని చెప్పిన. ఈసారి సుత నీ అన్నను పట్టియ్యలే!"

అన్నా, ముందు దిగినోళ్లు ఖాకీ బట్టల్లున్న నీ గన్‌మెన్లు. ఆ మాట కారులకెల్లి విని నువ్వు నొచ్చుకున్నవు. నువ్వు అడవిలో ఉన్న పదమూడేండ్లు ఖాకీ బట్టలకు అవ్వ చెప్పింది అదొక్కటే. నువ్వు గెలిచిన్నాడు వాడకట్టంత చక్కెర పంచింది కూడా ఆమెనే. అసలు సంగతి చెప్తే, "గా బట్టలు సూడంగనే నోరు దానంతటదే అన్నది" అని కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

వచ్చే శనివారం మళ్లీ రా. గన్‌మెన్లను చెరుకుతోట మలుపు దగ్గర ఆపి, ముందు నువ్వొక్కనివే నడిచి రా. వాళ్లకు కూడా బెల్లం, పప్పు పెట్టి పోలెలు చేస్తున్న, తర్వాత పిలుస్తం.

ఈ కాగితాలు దాచుకో, ఎవ్వరికీ చూపకు. అవ్వ వాళ్లతోని అన్న మాట పదమూడేండ్లు పోలీసుల ముందట నిలబడ్డ అబద్ధమని నీ గన్‌మెన్లకు తెలిస్తే, అవ్వ సిగ్గుపడి వడ్డించడానికి బయటికే రాదు.

నీ చెల్లె