ఎద్దు తినని ఉలవలు

నాయనా జోయల్, గార్లదిన్నె కాడ శనక్కాయ చేన్లో కలుపు తీయను పోతాండా. సంగటిలోకి అడవి ఉలవల చారు పొయ్యి మీద ఉండాది. ఉడికిన గింజలు ఈ పొద్దు ఎద్దుకు పెట్టొద్దు, నువ్వే తిను. నీకు రక్తం తక్కువైందని చెప్పిన నర్సమ్మే చెప్పింది, బలమంతా గింజలో ఉండాదంట, ఆ నల్ల పొట్టులో యాంటీఆక్సిడెంట్లు ఉండాయంట. ఇన్నేండ్లూ మనం చారు తాగి, గింజలు దానికి పెడితిమి. అది నిగనిగలాడతాండాది, నీకేమో డొక్కలు బయటపడినాయి. గట్లెంబడి ముళ్లల్లో ఏరుకొచ్చింది దానికోసం కాదు. చెప్పి చెప్పి నాకు ఓపిక అయిపోయిందప్పా.

దాని మొహం చూస్తే నీకు ముద్ద దిగదని తెలుసు. అందుకే గింజల్లో ఎర్రగడ్డ, మిరపకాయలు దండిగా వేసి తిరగవాత పెట్టినా. అది ముట్టదు.