చర్చి గుమ్మంలో తడిసిన బూట్లు

16 జూన్ 1985, ఆదివారం. లీడ్స్, ఇంగ్లండ్.

ఈ ఊళ్లో మొదటిసారి చర్చికి వెళ్లాను. మా ఊరు బత్తలపల్లె అలవాటు కొద్దీ బూట్లు గుమ్మం బయటే విప్పి, సాక్సులతో లోపలికి నడిచాను. అందరూ బూట్లతోనే బెంచీల మీద కూర్చుని నా పాదాలు చూశారు. ఆ సిగ్గు ఇంటికొచ్చేలోపే పోయింది. వీళ్ల మీద ఈ కుళ్లు మాత్రం పోవడం లేదు.

బయట ఒకటే వాన. మధ్యాహ్నం సంఘమంతా తోటలో భోజనం చేయాలి కాబట్టి వాన ఆపమని పాస్టరు ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఇదే నెలలో మా చర్చిలో చాపల మీద మోకరించి, వేరుశనగ విత్తడానికి ఒక్క వాన ఇమ్మని ఏడుస్తారు. మూడేళ్లుగా ఏడుస్తూనే ఉన్నారు.

ఇక్కడ ఆఖరి పాట అయ్యేసరికి ఎండ కాసింది. పక్కనున్న ముసలావిడ నా చెయ్యి నొక్కి, "చూశావా, ఆయన వెంటనే వింటాడు" అంది. ఎంత ధీమా!

బయటికొచ్చి బూట్లు వంచితే నీళ్లు ధారగా కారాయి. నాయన నా పక్కన ఉంటే ఊరుకునేవాడు కాదు. పాస్టరును నిలబెట్టి అడిగేవాడు: "అయ్యగారూ, ఈడ నిలిపిన వానను దేవుడు యాడికి పంపినాడు? మా ఊరికైతే రాల్యా."