ఎడమకి తిరగని మూత

ఏవండీ,

గడియారం బియ్యం కుండలో పెట్టాను, చూసుకుని చెయ్యి పెట్టండి. అన్నం, చేపల పులుసు వంటింట్లో మూతపెట్టి ఉన్నాయి. అత్తిలిలో మా చెల్లికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. రైలందుకోవడానికి భీమడోలు వెళుతున్నాను.

గడియారం వెనకమూత విప్పి ఎండలో ఆరబెట్టమన్నారు. నావల్ల కాలేదండి. నిన్న కొల్లేట్లో దోనె మీంచి జారిపడింది మీరు, చివాట్లు మాత్రం నాకు! అద్దం లోపల ఇంకా చెమ్మ కనిపిస్తూనే ఉంది.

మూత ఎడమకి తిప్పమన్నారు కదా, నాకు చెయ్యి రాలేదు. అది పోయిన మామయ్యగారి గడియారం. ఆయనకి కొరివి పెట్టిన నాడు మీరు చితి చుట్టూ తిరిగింది ఎడమకే. అందుకని గుళ్ళో ప్రదక్షిణం చేసినట్టు కుడికి తిప్పాను. అది కాస్తా ఇంకా బిగుసుకుపోయింది. తర్వాత లెంపలేసుకుని ఎడమకీ తిప్పాను. గుడ్డ చుట్టి పట్టుకున్నాను, చివరికి కత్తిపీట మొనతో ఎత్తబోయాను. కదిలితేనా! మూత మీద చెక్కిన ఆయన పేరు పక్కన పడ్డ గీటు నా పనే. రేపు పొద్దున్నే ఏలూరు పట్టుకెళ్ళి విప్పించండి.

సుభద్ర

బండి వాకిట్లో ఆగింది. గడియారం మళ్ళీ ఒకసారి తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. అంత చెమ్మలోనూ ఇంకా ఆడుతోందండి. ఆఖరి రోజున మామయ్యగారి ఊపిరీ ఇలాగే ఆడుతూ ఉంటే, పక్కన కూర్చుని వింటూ ఉండిపోయాను.