గంజిబట్ట మీద మిగిలిన చివరి గేరు

ష్వాబాక్ పట్టణ నివాసిని, మెకానికల్ ఇంజనీరును, ఉద్యోగ విరమణ చేసినవాడిని, భార్యను పోగొట్టుకున్నవాడిని, ఫ్రీడ్‌హెల్మ్ ఓస్టర్‌టాగ్ అనే నేను, నా డెబ్బయ్యో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకున్న వీలునామా ఇది. డాక్టరుకు నా గుండె మీద అనుమానం ఉంది, బుద్ధి మీద లేదు. ఇలాంటి వీలునామాలో ప్రతి అక్షరమూ రాసినవాడి చేతిదే అయి ఉండాలని, టైపు చేస్తే చెల్లదని మన చట్టం చెబుతోంది. చేతిరాత విలువ చట్టానికైనా తెలుసు.

సాక్షులు అక్కర్లేదని కూడా అదే చట్టం చెబుతోంది. అయినా ఇద్దరిని పిలిచాను. చాలాకాలం తరువాత అలమారలోంచి మూడు కప్పులు తీశాను.

1. నేనూ నా భార్య ఇర్మ్‌గార్టూ కలిసి రాసుకున్న పాత వీలునామాలో ఒకరి తరువాత ఆస్తి మరొకరికి చెందాలని మాత్రమే ఉంది. ఆ తరువాత ఎవరికన్నది రాయలేదు. నేనే ముందు పోతానని ఇద్దరమూ అనుకున్నాం. ఆమె 1974 అక్టోబరులో పోయింది.

2. మాకు పిల్లలు లేరు. ఇల్లు, పెరడు, బ్యాంకులో ఉన్నది, ఇంట్లోని సామాను, కింది నిబంధనల్లో విడిగా చెప్పినవి మినహా, సమస్తమూ నా తదనంతరం రైన్‌హిల్డ్‌కు సర్వహక్కులతో చెందవలెను. రైన్‌హిల్డ్ ఇర్మ్‌గార్ట్ తమ్ముడు ఓర్ట్‌విన్ కూతురు. జ్ఞానస్నానంలో ఆమె పక్కన నిలబడ్డ పెద్దలం మేమే. ఆమె హాంబర్గ్‌లో ఉంటుంది. ఫిబ్రవరిలో ఆమెకు బిడ్డ పుడుతుంది. వంటింటి కిటికీకి చలికాలంలో గొళ్ళెం పడదు. కింద చెక్కముక్క పెట్టాలి. ముక్క కిటికీ పక్కనే మేకుకు వేలాడుతోంది.

3. నన్ను ఇర్మ్‌గార్ట్ పక్కన పాతిపెట్టవలెను. రాతి మీద నా పేరుకు చోటు వదిలి ఉంచాను. పేరు ముందు చదువు, ఉద్యోగం చెక్కించవద్దు. సమాధి చోటుకు కట్టిన అద్దె గడువు తీరినప్పుడు పొడిగించాలా అని శ్మశానం వాళ్ళు ఉత్తరం రాస్తారు. పొడిగించవద్దు. రాయి తీసేసి ఆ చోటు ఇంకెవరికైనా ఇవ్వనివ్వాలి. మృతుల ఆదివారంనాడు దీపం పెట్టేందుకు హాంబర్గ్ నుంచి రావలసిన పని లేదు. నిన్న నేను పెట్టి వచ్చాను. గాలికి రెండుసార్లు ఆరిపోయింది.

4. పక్కింటి ఎగ్‌బర్ట్ హోయ్‌బెక్ గారికి నా పెరట్లోని బల్ల, ఆపిల్ చెట్టు కింద ఉన్నది. ఆయన ప్రతి ఉదయం కంచె మీంచి కేకేస్తారు: “ఏవండీ ఓస్టర్‌టాగ్ గారూ, ఉన్నారా, పోయారా?” “ఇంకా ఉన్నానండీ,” అంటాను. కొన్ని రోజుల్లో నేను పలికిన మొత్తం మాటలు అవే. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా ఆయనకే అప్పగిస్తున్నాను. నేను పోయిన సంగతి అందరికన్నా ముందు తెలిసేది ఆయనకే.

5. డాక్టర్ ఆల్ఫోన్స్ బ్రూగ్‌మన్ గారికి, నా రాతబల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న విరిగిన గేరు పన్ను. యుద్ధకాలంలో మా గేర్ల విభాగానికి ఆయన అధిపతి. ఇప్పుడు ఒక ట్యాంకుల ప్రదర్శనశాల సంఘానికి అధ్యక్షులు. కానుకకు కారణం రాయవలసి ఉంది.

1941లో మన సైన్యం రష్యాలో వాలు కవచం ఉన్న ట్యాంకులను ఎదుర్కొంది. దానికి జవాబుగా ఒక మధ్యస్థాయి ట్యాంకు వెంటనే కావాలన్నారు. దానికి పాంథర్ అని పేరు పెట్టారు. ముప్పై అయిదు టన్నులు దాటకూడదని మొదలుపెట్టాం. తరువాత ముందు కవచం మందం పెంచమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. బరువు నలభై అయిదుకు చేరింది. చక్రాలకు శక్తినిచ్చే చివరి గేరుపెట్టెను మాత్రం ఆ బరువుకు తగ్గట్టు మార్చలేదు. మెరుగైన గేర్లు కోసే యంత్రాలు లేవు, మంచి ఉక్కు లేదు, వ్యవధి అసలే లేదు. ఇది నిలబడదని చెప్పినవాళ్ళలో నేనున్నాను. బ్రూగ్‌మన్ గారూ ఉన్నారు. ఆ సంగతి ఆయన మరిచిపోయారు.

1943 జూలైలో కుర్స్క్ దగ్గర పాంథర్ మొదటిసారి యుద్ధంలోకి దిగింది. శత్రువు తాకకుండానే ఆగిపోయినవి ఎన్నో. కొన్నిటి ఇంజన్లు అంటుకున్నాయి. తరువాత ఇంజను కొంత బాగుపడింది. ఫిరంగికి పేరొచ్చింది. చివరి గేరుపెట్టె యుద్ధం ముగిసేదాకా అలాగే ఉంది.

1968లో పాత ఉద్యోగుల విందులో బ్రూగ్‌మన్ గారు బీరు గ్లాసు ఎత్తి అన్నారు: “పాంథర్‌కి ఏ లోపమూ లేదయ్యా! గేరు మార్చడం రాని కుర్రకుంకల చేతికిచ్చారు, అదే లోపం!” అందరూ నవ్వారు. ఇర్మ్‌గార్ట్ చేతిగుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది. “నిజమేనండీ డాక్టరుగారూ. అంత మంచి బండికి మీరే డ్రైవరుగా వెళ్ళి ఉండాల్సింది. మా తమ్ముడు మీ కుర్చీలో కూర్చుని చక్కగా బీరు తాగేవాడు,” అంది.

ఈ పన్ను యుద్ధభూమి నుంచి వచ్చింది కాదు. మా ఆవరణలో, పరీక్ష కోసం, అందరికన్నా అనుభవమున్న మా సొంత డ్రైవరు నడుపుతుండగా విరిగింది. బ్రూగ్‌మన్ గారు నా పక్కనే నిలబడి ఉన్నారు. వంగి దాన్ని ఏరి నా చేతిలో పెట్టినది ఆయనే. తిరిగి ఇస్తున్నాను.

6. ఇర్మ్‌గార్ట్ సిరాకలాలు, వృత్తలేఖినులు, పెట్టెతో సహా, నేను పాఠాలు చెప్పిన సాంకేతిక పాఠశాలకు. తప్పు గీతలు గీకడానికి ఆమె వాడిన బ్లేడు పెట్టె మూలలో ఉంది. వేలు జాగ్రత్త.

7. బీరువా అడుగు సొరుగులో, పండగ బల్లగుడ్డ కింద, మడత పెట్టిన ఒక గంజిబట్ట ఉంది. దాని గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

మా విభాగంలో ఇంజనీర్లు పెన్సిలుతో గీసేవాళ్ళు. ఆ గీత మీద గట్టిగా గంజి పట్టించిన, అవతలిది కనిపించే సన్నటి బట్ట పరిచి, సిరాతో దించేవాళ్ళు ఆడవాళ్ళు. ఇర్మ్‌గార్ట్ వాళ్ళలో ఒకరు. నా గేరుపెట్టె గీతలన్నిటికీ సిరా పెట్టింది ఆమే. మా పెళ్ళి కూడా ఆ బల్ల దగ్గరే కుదిరింది.

ఓర్ట్‌విన్ పాంథర్ డ్రైవరు. 1943 క్రిస్మస్‌కు సెలవు మీద వచ్చాడు. కార్ప్ చేప వేపుడు తింటూ అన్నాడు: “బావా, నీ బండిని గుడ్లగంప మీద కూర్చున్నట్టు నడుపుతున్నాను. వెనక్కి తిప్పాలంటే ముందు దణ్ణం పెట్టుకోవాలి.” ఇర్మ్‌గార్ట్ కసిరింది: “నోరు ముయ్యరా. పండగపూట కూడా గేర్లేనా? ఈయనకి మళ్ళీ నిద్ర పట్టదు.” “సరేలే అక్కా, నీ అందమైన గీతల తప్పు కాదులే,” అని ఇంకో ముక్క వేసుకున్నాడు.

1944 మార్చిలో అతను చనిపోయాడని కబురు వచ్చింది. ఎలాగో రాయలేదు. సెప్టెంబరులో అతని భార్యకు రైన్‌హిల్డ్ పుట్టింది.

యుద్ధం చివరి వారాల్లో గీతలన్నీ తగలబెట్టమన్నారు. సిరా పెట్టే ఆడవాళ్ళు తలా ఒక కట్ట కోటు కింద దాచి ఇంటికి తెచ్చుకున్నారు. రహస్యాల కోసం కాదు. ఆ బట్టను ఉడకబెడితే గంజితోపాటు సిరా పోయి, కింద మెత్తటి నూలు మిగులుతుందని వాళ్ళకు తెలుసు. అప్పుడు కొందామన్నా బట్ట లేదు.

ఇర్మ్‌గార్ట్ తన కట్టను ముట్టుకోలేదు. 1946 చలికాలంలో ఓర్ట్‌విన్ బండిలో ఫిరంగి పేల్చినవాడు, ఒక చెయ్యి లేనివాడు, మా వంటింట్లో కూర్చుని సూపు తాగుతూ చెప్పాడు. బురదలో మలుపు తిప్పుతుంటే గేరుపెట్టె పోయింది. లాక్కెళ్ళే బండ్లు వస్తాయి, ఒకడు ట్యాంకు దగ్గర ఉండాలన్నారు. “నాకు లోపల వెచ్చగా ఉంటుందిలే, మీరు పదండ్రా అన్నాడండీ. మా బావకి మాత్రం ఈ సంగతి చెప్పొద్దన్నాడు.” లాక్కెళ్ళే బండ్లు రాలేదు. నన్ను ఇంట్లో అద్దెకున్నవాడిననుకున్నాడేమో, ఆ వచ్చినవాడికి ఓర్ట్‌విన్ బావను నేనేనని తెలియదు. ఇర్మ్‌గార్ట్ అతనికి ఇంకో గరిటె సూపు పోసింది.

మర్నాడు పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఒక్కో బట్టా వేసి కర్రతో తిప్పింది. నీళ్ళు నల్లగా అయ్యాయి. ఆ గుడ్డలతో రైన్‌హిల్డ్‌కు జ్ఞానస్నానం గౌను కుట్టింది. ఈస్టరునాడు రెండున్నరేళ్ళ పిల్ల తన కాళ్ళ మీద తనే నడిచి నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళింది. గౌను అంచు లోపల ఒక సన్నటి వంపు పూర్తిగా పోలేదు. “అత్తా, ఇదేంటి?” అని పిల్ల గుడిలో గట్టిగా అడిగింది. “నెలవంక. నోరు మూసుకో,” అంది ఇర్మ్‌గార్ట్.

గౌనుకు అక్కరపడక, ఉడకబెట్టని బట్ట ఒక్కటి మిగిలింది. ఆమె పోయాక దొరికింది. చివరి గేరుపెట్టెను అడ్డంగా కోసినట్టు లోపలంతా చూపే గీత అది. బ్రూగ్‌మన్ గారు పరామర్శకు వచ్చి దాన్ని బల్ల మీద చూశారు. అప్పటినుంచి మూడుసార్లు వచ్చారు. “ఓస్టర్‌టాగ్, మా పాంథర్‌కి అదొక్కటే తక్కువ. ఆ గుడ్డ ఇవ్వవయ్యా, దాన్ని చూసి కొత్త గేర్లు కోయిస్తాం, బండి నడుస్తుంది! జనం చప్పట్లు కొడతారు. మీ ఆవిడ పేరు గోడ మీద రాయిస్తాను.”

ఆయనకు ఇవ్వను. ఆ బండి ఇంకెప్పుడూ నడవకూడదు.

అలాగని ఉంచుకోవడానికీ నాకు మరో కారణం లేదు, ఒక్కటి తప్ప. మేమిద్దరం ఎప్పుడూ దూరంగా లేము కాబట్టి ఆమె నాకు ఉత్తరాలు రాయలేదు. వంటలు ఆమెకు నోటికి వచ్చు. ఇంటి కాగితాలన్నీ నేనే రాసేవాణ్ణి, ఆమె సంతకం మాత్రమే పెట్టేది. ఇంత పొడుగున ఆమె చేతిరాత ఇంకెక్కడా లేదు. నడుముకు గీత పెట్టిన ఆమె ఏడు అంకె, పైన మూయని నాలుగు అంకె, కుడిమూలలో ఆమె పేరు పొడి అక్షరాలు.

ఈ ఏడు సెప్టెంబరులో ఒకరోజు పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి, బట్ట చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు మరిగి సగమయ్యాయి. పొయ్యి ఆపేశాను. నావల్ల కాలేదు.

కనుక ఆ బట్టను రైన్‌హిల్డ్‌కు ఇస్తున్నాను, ఈ షరతుతో. అమ్మకూడదు, అరువివ్వకూడదు, ఫొటో తీయనివ్వకూడదు. రైన్‌హిల్డ్, ముందు చన్నీళ్ళలో నానబెట్టు. తరువాత సబ్బు వేసి ఉడకబెట్టు. మెత్తబడ్డాక పుట్టబోయే బిడ్డకు ఏదైనా కుట్టు. టోపీకి సరిపోతుందనుకుంటాను.

ఎంత ఉడికించినా ఎక్కడైనా ఒక అంకె మిగిలిపోతే, దాన్ని రుద్దవద్దు.

పైన రాసినదంతా నా చేతిరాత. చదివి చూసుకున్నాను. మార్చవలసింది లేదు.

ష్వాబాక్, సోమవారం, 22 నవంబరు 1976

(సంతకం) ఫ్రీడ్‌హెల్మ్ ఓస్టర్‌టాగ్

సాక్షులు:
ఎగ్‌బర్ట్ హోయ్‌బెక్, పొరుగు
కునిగుండ రోట్, రొట్టెల దుకాణం యజమాని